ఫ్లాట్‌కి టోకెన్ ఇచ్చే ముందు: బెంగళూరులో ఏ లోపం ఎంత ఖర్చు పెట్టిస్తుంది

బెంగళూరులో రీసేల్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు గుమ్మం తూర్పుకుందా, వంటిల్లు ఆగ్నేయంలో పడిందా అన్నది మొదటి ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. బాత్‌రూమ్ తలుపు వెనక్కి మాత్రం తొంగిచూడరు. ఆ తలుపు వెనకాల, నేలకి అరడుగు ఎత్తున ఉబ్బిన పెయింటు కనిపిస్తే దాని వెనక లక్ష రూపాయల పని దాగి ఉండొచ్చు.

ఇక్కడ రాసింది మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ లాంటి చోట్ల దొరికే ఐదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల పాత ఫ్లాట్ల గురించి. ఖర్చులు కూలీ, సామాను కలిపి వేసిన ఉజ్జాయింపు లెక్కలు. పై అంతస్తు, సామాన్ల లిఫ్టు లేకపోవడం, అసోసియేషన్ పనివేళల ఆంక్షలు వీటిని ఇరవై, ముప్ఫై శాతం పైకి తోస్తాయి. ఒక్క మాట ముందే గుర్తుపెట్టుకోండి: గోడ మీద మరకకి ధర కట్టకూడదు, ఆ నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో దానికి ధర కట్టాలి. ఒకే రకం మరక వెనక 2,000 రూపాయల పని ఉండొచ్చు, 90,000 పని ఉండొచ్చు.

సంచిలో ఏముండాలి, ఎప్పుడు వెళ్లాలి

ఐదు రూపాయల బిళ్ల, ఒక గోళీ, మంచి టార్చి, రెండడుగుల స్పిరిట్ లెవెల్, త్రీపిన్ సాకెట్ టెస్టర్, మల్టీమీటర్, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్, సన్నటి స్క్రూడ్రైవర్, పెన్సిలు, పాత ఏటీఎం కార్డు. అన్నీ కొత్తవి కొన్నా రెండు, రెండున్నర వేలలో అయిపోతుంది. చెమ్మ కొలిచే మీటరు 1,500 నుంచి 3,000 దాకా ఉంటుంది. ఒక్క ఇల్లు కొనేవాళ్లకి అది లేకపోయినా నడుస్తుంది. అరచేతి వెనకవైపు గోడకి ఆనించి చూస్తే తడి ఉన్న చోటు పక్కదానికంటే చల్లగా తగులుతుంది.

వెళ్లాల్సింది వాన పడిన మర్నాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడ వానలు దంచికొడతాయి, అప్పుడు చూసిన గోడ నిజం చెబుతుంది. మార్చి, ఏప్రిల్‌లో అదే గోడ ఆరిపోయి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. ఎండాకాలంలో చూడక తప్పకపోతే పెయింటు తేడాలు వెతకండి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకో, ఒక్క సీలింగ్ ముక్కకో కొత్త రంగు పడిందంటే అక్కడ ఏదో కప్పిపెట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పుట్టీ పెట్టిన గోడలకి సరిగ్గా సరిపోతుంది.

రెండు నెలలుగా తాళం వేసి ఉన్న ఇల్లయితే ఇంకో చిక్కు ఉంది. నీళ్లు వాడకపోతే లీకు బయటపడదు. లోపలికి వెళ్లగానే అన్ని కుళాయిలూ, షవర్లూ అరగంట వదిలి, ఫ్లష్ నాలుగైదుసార్లు నొక్కి, ఆ తర్వాత మిగతా గదులు చూడండి.

బాత్‌రూమ్: అసలు డబ్బు పోయేది ఇక్కడే

ఫ్లాట్లలో బాత్‌రూమ్ శ్లాబును మిగతా నేలకంటే 8 నుంచి 12 అంగుళాలు దించి పోస్తారు. దాన్ని సంక్ అంటారు. ఆ గుంటలో డ్రెయిన్ పైపులు పరిచి, పైన ఇటుక ముక్కలో, సిండరో (కాలిన బొగ్గు గడ్డలు) నింపి, టైల్స్ వేస్తారు. టైల్స్ మధ్య సందుల్లోంచి దిగే నీళ్లు ఈ గుంటలో తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. అడుగున వాటర్‌ఫ్రూఫింగ్ కోటింగ్ చెడిపోయి ఉంటే కింది ఇంటివాళ్ల సీలింగ్ మీద పడతాయి. కోటింగ్ బాగానే ఉన్నా గుంట నిండాక పక్క గదిలోకి, గోడ వెంట పైకి ఎక్కుతాయి. పడగ్గదిలో, బాత్‌రూమ్ గోడకి ఆనుకున్న వార్డ్‌రోబ్ అడుగు ప్లైవుడ్ నల్లబడి, బూజు వాసన కొడుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

కాబట్టి మీరు చూసే ఇంటి బాత్‌రూమ్ బాగుందో లేదో ఆ ఇంట్లో తెలియదు, కింది ఇంట్లో తెలుస్తుంది. మెట్లు దిగి తలుపు తట్టి, పైన ఇల్లు కొందామనుకుంటున్నాం, మీ బాత్‌రూమ్ సీలింగ్ ఒక్కసారి చూడనిస్తారా అని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. ఏళ్లుగా కారుతుంటే మీరు అడక్కముందే మొత్తం పురాణం విప్పుతారు. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని ట్రాప్‌డోర్ తీసి టార్చి వేయండి. శ్లాబుకి తెల్లటి ఉప్పు చారలు, చిన్న సున్నపు ఊడల్లాంటివి వేలాడుతుంటే నీళ్లు ఎప్పటినుంచో కాంక్రీటులోని సున్నాన్ని కడిగి తెస్తున్నాయని అర్థం. తుప్పురంగు మరక కూడా ఉంటే నీళ్లు ఇనుప చువ్వల దాకా చేరాయి.

కారుతోందని తేలాక ఎటునుంచో తేల్చాలి. మంచినీటి పైపు పగిలితే ఎవరూ వాడకపోయినా రాత్రీ పగలూ ఆగకుండా బొట్టు పడుతూనే ఉంటుంది. డ్రెయిన్ పైపు జాయింటు అయితే స్నానం చేసిన కాసేపటికి మొదలై తర్వాత ఆగిపోతుంది. నేల అయితే నెమ్మదిగా వస్తుంది, ఆగడమూ నెమ్మదే.

పరీక్ష ఇలా చేయండి. బాత్‌రూమ్ నేల మీది నీళ్లు పోయే ట్రాప్ నోటిని గుడ్డతో, పాలిథిన్‌తో బిగించి నేల మీద రెండు అంగుళాలు నీళ్లు నిలబెట్టండి. గుమ్మం ఎత్తు అంత లేకపోతే అక్కడ మట్టితోనో సిమెంటుతోనో చిన్న గట్టు కట్టండి. గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి, పక్కనే ఒక బకెట్లో నీళ్లు పెట్టి దానికీ ఒక గీత పెట్టండి. 24 గంటల తర్వాత బకెట్లో ఎంత తగ్గిందో అది ఆవిరి. నేల మీద అంతకంటే ఎక్కువ తగ్గితే మిగతాది లోపలికి దిగింది. నీళ్లలో బట్టలకి వాడే నీలిమందు కలిపితే కింది సీలింగ్‌లో నీలిరంగు కనిపించినప్పుడు వాదనకి తావుండదు. పై, కింది ఇళ్ల మధ్య గొడవల్లో సగం ఈ పావలా పనితో తీరిపోతాయి. పైపుల అనుమానం ఉంటే ప్లంబర్ చేత్తో తిప్పే ప్రెషర్ పంపు తెచ్చి లైన్‌ని చదరపు సెంటీమీటరుకి 6 కిలోల ఒత్తిడికి ఎక్కించి కనీసం గంటసేపు ముల్లు కదలకుండా ఉందేమో చూస్తాడు. దానికి 1,500 నుంచి 2,500 తీసుకుంటాడు.

ఇక ఖర్చు. లీకు టైల్స్ సందుల్లోంచే అయితే సందుల్లో నింపిన పాత గ్రౌట్ గీకేసి ఎపాక్సీ గ్రౌట్ పెడితే సరిపోతుంది. ఐదడుగులకి ఎనిమిదడుగుల బాత్‌రూమ్ నేలకీ, గోడల కింది భాగానికీ 5,000 నుంచి 8,000. ట్రాప్ చుట్టూ మాత్రమే అయితే ఆ ఒక్క టైలు పగలగొట్టి, ట్రాప్ మెడ చుట్టూ కుదించుకుపోని గ్రౌట్ పోసి మూయడానికి 3,000 నుంచి 5,000. డ్రెయిన్ జాయింటు లేదా సంక్ అడుగు కోటింగ్ పోయి ఉంటే మొత్తం తవ్వాల్సిందే. టైల్స్‌తో కలిపి 60,000 నుంచి 90,000 అవుతుంది, పది పన్నెండు రోజులు ఆ బాత్‌రూమ్ మూసేసుకోవాలి.

ఆ పెద్ద పని ఎలా జరగాలో తెలిస్తే కొటేషన్‌లో ఏది ఎగరగొట్టారో పట్టుకోవచ్చు. టైల్స్, నింపిన చెత్త అంతా శ్లాబు కనబడేదాకా తీసి ఇనుప బ్రష్‌తో గీకి కడగాలి. పైపులు గోడలోకి వెళ్లే చోట గ్రౌట్ పోయాలి. గోడా నేలా కలిసే మూల వెంబడి సిమెంటుతో రెండంగుళాల గుండ్రటి వంపు ఇవ్వాలి, ఎందుకంటే నిటారు మూలలోనే కోటింగ్ చిరుగుతుంది. ఆ మూలల్లో ఫైబర్ మెష్ పట్టీ పెట్టి, పాలిమర్ సిమెంట్ కోటింగ్ రెండు పూతలు వేయాలి, రెండోది మొదటిదానికి అడ్డదిశలో, మధ్యలో నాలుగు నుంచి ఆరు గంటల విరామంతో. గోడల మీదికి పూర్తయిన నేల నుంచి ఒక అడుగు, షవర్ ఉన్న గోడకి ఆరడుగులు రావాలి. మూడు రోజులు ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింది ఇంట్లో చూసి, అప్పుడే పైన రక్షణగా 20 మిల్లీమీటర్ల సిమెంటు పొర వేసి గుంట నింపాలి. టైల్స్ కింద మళ్లీ ఇంకో కోటింగ్.

40 చదరపు అడుగుల నేలా, సంక్ లోపలి గోడలూ, షవర్ గోడా కలిపితే కోటింగ్ వేయాల్సింది ఒక పొరకి 100 చదరపు అడుగుల పైచిలుకు. రెండు పూతలకి చదరపు మీటరుకి సుమారు 2 కిలోల లెక్కన 20 కిలోలు పడుతుంది, మూడు, నాలుగు వేల రూపాయల సరుకు. మిగతా అరవై, డెబ్భై వేలూ పగలగొట్టడం, శిథిలాలు సంచుల్లో దించి టెంపోకి ఎత్తడం, పైపులు, టైల్స్, కూలీ. అంటే ఏ కెమికల్ పనిచేయాలని ఇదంతా చేస్తున్నారో దాని వాటా ఐదారు శాతమే. అక్కడ వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడానికి ఒకే పూత వేసి మమ అనిపించే మేస్త్రీలు ఉన్నారు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి చూడండి.

నేల వాలు కూడా ఇప్పుడే చూడాలి. గోళీ వేసి ట్రాప్ వైపు దొర్లుతోందా, ఒక చెంబు నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో పోతున్నాయా అన్నది చాలు. వాలు లేకపోతే సరిచేయడానికి టైల్స్ తీయాల్సిందే, అడ్డదారి లేదు. ట్రాప్ నుంచి వాసన వస్తుంటే మాత్రం కంగారుపడకండి. వాడకపోవడం వల్ల ట్రాప్‌లో నిలవాల్సిన రెండంగుళాల నీళ్లు ఆరిపోయి ఉంటాయి. చెంబెడు నీళ్లు పోస్తే పోతుంది, పోకపోతేనే ట్రాప్ మార్చాలి.

పై అంతస్తు, బయటి గోడలు

ఆఖరి అంతస్తు ఫ్లాట్ చౌకగా వస్తోందంటే డాబా ఎక్కి చూశాకే సంతోషించండి. సోలార్ హీటర్ స్టాండ్లకీ, డిష్ యాంటెన్నాలకీ శ్లాబులోకి బోల్టులు దిగేసి, ఉన్న వాటర్‌ఫ్రూఫింగ్‌ని జల్లెడ చేసి ఉంటారు. వాన నీటి పైపు మూతులు ఆకులతో మూసుకుపోయి, నీళ్లు నిలిచిన చోట నల్లటి పాచి వలయాలు కనిపిస్తాయి. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలిచిందా చూడండి. ఆ వేరు ఎంత లోపలికి పోయిందో నీళ్లూ అంత లోపలికి పోయినట్టే. పైన ఆకులు తుంచితే మళ్లీ వస్తుంది, వేరుతో సహా తీసి పగులు మూయాలి.

డాబాకి యాక్రిలిక్ కోటింగ్ చదరపు అడుగుకి 30 నుంచి 50 రూపాయలు, మూడు నాలుగేళ్లు ఆగుతుంది. పీయూ (పాలీయురేతేన్) కోటింగ్ 70 నుంచి 110, బాగా వేస్తే దానికి రెట్టింపు కాలం. పాత పద్ధతిలో ఇటుక ముక్కలతో వాలు కట్టే కోబా 120 నుంచి 170, మన్నిక ఎక్కువే కానీ శ్లాబు మీద బరువు పెరుగుతుంది. వాలే సరిగ్గా లేని డాబా మీద ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా దండగ. డాబా అందరిది కాబట్టి ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలి, అయితే పెట్టుకుంటుందా అన్నదే ప్రశ్న. గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ అడిగి తీసుకోండి. వాటర్‌ఫ్రూఫింగ్‌కో, బయటి పెయింటింగ్‌కో ఇంటికి ఇంత అని ప్రత్యేక వసూలు రాబోతుంటే అందులో ఉంటుంది. అది ఎవరు కట్టాలో అమ్మేవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

కిటికీ కింద మరకలు తేలిక రకం. యూపీవీసీ కిటికీ అడుగు పట్టాలో నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, దుమ్ముతో అవి మూసుకుంటే నీళ్లు లోపలికి పొర్లుతాయి. పాత టూత్‌బ్రష్‌తో పోయే పని ఇది. ఫ్రేముకీ గోడకీ మధ్య సిలికాన్ ఎండి విడిపోయి ఉంటే పాతది కోసేసి కొత్తది పెట్టడానికి అడుగుకి 30 నుంచి 45 రూపాయలు. బయట కిటికీ గడప లోపలివైపు వాలి ఉంటే మాత్రం సిలికాన్ ఆపలేదు, వాలు సరిచేయాలి, కిటికీకి 2,000 నుంచి 3,500.

గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా ఒకే గీతలా పెయింటు పొడి రాలుతుంటే అది భూమి నుంచి ఎక్కే చెమ్మ. పుట్టీ పెడితే ఆరు నెలల్లో మళ్లీ రాలుతుంది. ప్లాస్టర్ గీత కంటే అడుగు పైదాకా కొట్టేసి, గోడ అడుగున రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించి, మళ్లీ వాటర్‌ఫ్రూఫ్ ప్లాస్టర్ చేయాలి. గోడ పొడవు అడుగుకి 400 నుంచి 600 దాకా పడుతుంది.

పగుళ్లు: ఏది చర్మం, ఏది ఎముక

పగులు చూడగానే చాలామంది గుండెలు జారవిడుచుకుంటారు. చాలావాటికి అంత అక్కర్లేదు. ప్లాస్టర్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు ప్లాస్టర్ ఆరేటప్పుడు కుదించుకుపోవడం వల్ల వచ్చినవి, పెయింటింగ్‌లోనే పోతాయి. పిల్లరు పక్కన నిలువుగా, బీము కింద అడ్డంగా తిన్నగా వచ్చే పగులు కూడా ప్రమాదం కాదు. కాంక్రీటు ఒకలా, బ్లాకు గోడ ఒకలా ఎండకి సాగి చలికి ముడుచుకుంటాయి. ఆ రెండూ కలిసే చోట ప్లాస్టర్ కింద కోడివల (సన్నటి ఇనుప తీగల వల) కొట్టి ఉండాలి, కొట్టలేదు, అంతే. పగులు వెంబడి ప్లాస్టర్ తీసి, అటు ఇటు నాలుగంగుళాలు వచ్చేలా వల కొట్టి మళ్లీ పూస్తే అడుగుకి 90 నుంచి 150.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా లేచే పగుళ్లని కాస్త నిదానంగా చూడాలి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అది దూరనంత సన్నగా ఉంటే సాధారణంగా కిటికీ పైన అడ్డంగా వేసే లింటెల్ చాలినంత పొడవు లేకపోవడమే కారణం. కార్డు సులువుగా దూరుతూ, పగులు పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ, మెట్లు మెట్లుగా బ్లాకుల సందుల వెంట పోతుంటే పునాది ఒకవైపు దిగుతోందేమో అనుమానించాలి. చెరువుల పక్కన, పాత రాజకాలువల (వాన నీళ్లు పోయే పెద్ద కాలువలు) అంచున, మట్టి నింపి చదును చేసిన చోట కట్టిన భవనాల్లో ఇది మరీ ముఖ్యం.

బీముల మీద, పిల్లర్ల మీద వచ్చే పగుళ్లు వేరే జాతి. బీము చివర పిల్లరు దగ్గర 45 డిగ్రీల ఏటవాలు పగులు, బీము మధ్యలో అడుగు నుంచి పైకి లేచిన పగులు, చువ్వ వెంబడి పొడుగ్గా పోయే పగులు, ఈ మూడింటిలో ఏది కనిపించినా స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవకుండా ముందుకు పోవద్దు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 మామూలు పరిస్థితుల్లో కాంక్రీటు మీద పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. అంటే కార్డు మందంలో సగం కూడా కాదు. ఇంజినీరు వచ్చి చూసి కాగితం మీద రాసిచ్చేందుకు 5,000 నుంచి 15,000 తీసుకుంటారు. ఇల్లు ఎనభై లక్షలైనప్పుడు ఇది ఖర్చు కాదు.

ఇంకొకటి, హాలు పెద్దదిగా కనబడాలనో వంటిల్లు తెరిచేయాలనో పాత ఓనరు గోడ తీసేసి ఉంటే అక్కడ పిల్లరునో బీమునో చెక్కారేమో చూడండి. పిల్లర్లో గాడి తీసి పైపు పూడ్చిన ఇళ్లు లేకపోలేదు. అలాంటిదాన్ని బేరం ఆడి తగ్గించుకునే లోపంగా చూడొద్దు, ఆ ఇల్లు వదిలేయండి.

సీలింగ్ పెచ్చులూడి చువ్వ బయటపడ్డ చోట తుప్పు గీకకుండా సిమెంటు మెత్తితే రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని బయటికి తోస్తుంది, లోపల తుప్పు పెరుగుతున్నంతకాలం ఇది ఆగదు. చువ్వ వెనకదాకా కాంక్రీటు చెక్కి, తుప్పు పూర్తిగా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, బాండింగ్ కోటు మీద పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా పెట్టాలి. చదరపు అడుగుకి 350 నుంచి 600. పై ఇంటి లీకు ఆపకుండా ఇది చేయడం మాత్రం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

కరెంటు

ఇంటి కరెంటు స్విచ్చులన్నీ ఉండే డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మూత తీయించండి. అందులో కరెంటు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీలతోపాటు ‘టీ’ అనే చిన్న బటన్ ఉన్న, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి, దాని మీద 30 ఎంఏ (మిల్లీఆంప్స్) అని రాసి ఉండాలి. ఓనరుకి చెప్పి ఆ బటన్ నొక్కండి, టప్పున పడిపోవాలి. పడకపోతే అది చచ్చిపోయినట్టే, లేదా వైర్లు దాన్ని తప్పించి కలిపేశారు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, లీకేజీ ఎక్కడుందో వెతకడానికి బద్ధకించి ఇలా బైపాస్ చేసి వెళ్లిపోయేవాళ్లు తగులుతారు. మనిషి ప్రాణం కాపాడే వస్తువు అది ఒక్కటే. కొత్తది, బిగింపుతో కలిపి 2,500 నుంచి 4,000. లీకేజీ వెతికే పని అదనం.

తర్వాత ప్రతి సాకెట్‌లో త్రీపిన్ టెస్టర్ పెట్టండి. గీజర్, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ సాకెట్లలో మల్టీమీటర్ కూడా పెట్టండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల ప్రాంతంలో ఉండాలి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్యా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజు, ఎర్త్ మధ్య 80, 100 అంటూ ఊగిసలాడుతుంటే ఎర్త్ తెగి ఉంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సరిగ్గా సున్నా వస్తే కూడా సంబరపడకండి. సాకెట్ వెనక ఎర్త్‌ని న్యూట్రల్‌కి చిన్న తీగతో కలిపేసి ఉండొచ్చు, టెస్టర్ దాన్ని బాగుందనే చూపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడన్నా తెగితే గీజర్ ఒంటికే కరెంటు వస్తుంది. ఒక్క సాకెట్ విప్పించి చూస్తే తేలిపోతుంది. ఎర్త్ లైను సరిచేయడానికి ఇంట్లో వరకైతే 3,000 నుంచి 8,000.

వైరు మందం, ఎంసీబీ జత కుదరాలి. లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 6 లేదా 10 ఆంప్స్, 16 ఆంప్స్ సాకెట్లకి 2.5 వైరు, ఏసీకీ గీజర్‌కీ 4 వైరు మీద 20 ఆంప్స్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. 1.5 వైరు మీద 20 ఆంప్స్ ఎంసీబీ కనిపిస్తే ముందు వైరు కాలుతుంది, తర్వాతే ఎంసీబీ పడుతుంది. ఇల్లంతా అలాగే ఉంటే టూ బీహెచ్‌కేకి కొత్త వైరింగ్ 80,000 నుంచి 1,30,000, గోడలు చెక్కాల్సి వస్తే పెయింటు అదనం.

కరెంటు సంస్థ బెస్కాం బిల్లులో శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన గరిష్ఠ వాడకం) ఎంతో చూసుకోండి. పాత ఫ్లాట్లలో 3 కిలోవాట్లు ఉండొచ్చు. రెండు గీజర్లు నాలుగు, ఇండక్షన్ స్టౌ రెండు, ఒక ఏసీ ఒకటిన్నర కలిపితేనే ఏడున్నర అయింది. పెంచుకోవడానికి దరఖాస్తు, డిపాజిట్ ఉంటాయి, భవనం మొత్తం లోడ్ చాలకపోతే అసోసియేషన్ దగ్గరే ఆగిపోతుంది, అందుకని ముందే అడగాలి.

నీళ్లు, నేల, చెక్క

కావేరి నీళ్లు వస్తాయి అన్న మాటని నమ్మి ఊరుకోకుండా వంటింటి కుళాయిలో, బాత్‌రూమ్ కుళాయిలో విడివిడిగా టీడీఎస్ చూడండి. వారానికి ఎన్ని ట్యాంకర్లు వస్తాయో సెక్యూరిటీ గార్డుని అడిగితే ఓనరు కంటే నిజాయితీగా చెబుతాడు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యం 200 దాకా మంచిది, 600 పైన ఒప్పుకోరు. షవర్ రంధ్రాల చుట్టూ, కుళాయి మొదట్లో తెల్లటి గార కట్టి ఉంటే బోరు నీళ్లే ఎక్కువ వస్తున్నాయి. గీజర్ మరిగేటప్పుడు గరగరమంటే లోపల గార పేరుకుంది. శుభ్రం చేయడానికి 600 నుంచి 1,200, ఎలిమెంట్ కూడా మారిస్తే ఇంకో వెయ్యి. ఒక బాత్‌రూమ్‌కి నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ 10,000 నుంచి 20,000, ఇంటి మొత్తానికి 45,000 పైన. ఆర్వో ఫిల్టర్ తాగడానికే, దానికీ గీజర్ గారకీ సంబంధం లేదు.

టైల్స్ మీద ఐదు రూపాయల బిళ్లతో నాలుగు మూలలా, మధ్యలో కొట్టుకుంటూ వెళ్లండి. ‘టక్’ అంటే గట్టిగా ఉంది, ‘డొల్’ మంటే కింద ఖాళీ. మూల ఒకటే డొల్ల అయితే వదిలేయొచ్చు, సగానికి పైగా డొల్ల అయితే ఏదో ఒకరోజు సిలిండర్ దించినప్పుడు పగులుతుంది. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టుకోవు. ఐదు ముద్దలు పెట్టి అతికించి ఉంటే ముద్దల మధ్యంతా ఖాళీయే. తీసి కొత్తవి అడ్హెసివ్‌తో వేయడానికి చదరపు అడుగుకి 160 నుంచి 220. అదే డిజైను ఇప్పుడు దొరక్కపోవచ్చు. అటకమీదో బాల్కనీలోనో పాత టైల్స్ మిగిలి ఉన్నాయేమో అడిగి, ఉంటే ఇంటితోపాటు తీసుకోండి.

చెద కోసం గుమ్మాల అడుగున, వార్డ్‌రోబ్ వెనక స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. బిస్కెట్‌లోకి దిగినట్టు దిగితే లోపల ఏమీ మిగల్లేదు. గోడ వెంట మట్టి గొట్టాలు కూడా కనిపించొచ్చు. గోడకీ నేలకీ కలిసే చోట రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూసే పని చదరపు అడుగుకి 8 నుంచి 15. తినేసిన ద్వారబంధం మార్చాలంటే ఒక్కోటి 9,000 నుంచి 15,000.

లెక్క కట్టి, బేరం పెట్టడం

ఉదాహరణకి 1,150 చదరపు అడుగుల, పన్నెండేళ్ల టూ బీహెచ్‌కేలో ఒక బాత్‌రూమ్ తవ్వి చేయాల్సి వచ్చింది, 70,000. ఆర్‌సీసీబీ, ఎర్త్ కలిపి 9,000. డొల్ల టైల్స్ 60 చదరపు అడుగులు, 11,000. మూడు కిటికీలకి సిలికాన్ 2,000. చెమ్మపట్టిన రెండు గోడలకి ప్లాస్టర్, పెయింటు 8,000. మొత్తం లక్ష. పగలగొట్టాక బయటపడేవాటికి పదిహేను శాతం కలిపి 1,15,000 అని పట్టుకోండి. ఇది టోకెన్ ఇవ్వకముందే ఫోటోలతో సహా ముందు పెట్టాలి. టోకెన్ ఇచ్చాక అదే కాగితం ఫిర్యాదులా వినిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు.

ఇల్లు హ్యాండోవర్ అయి ఐదేళ్లు దాటకపోతే ఇంకో దారి ఉంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం హ్యాండోవర్ తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం, పనితనం లోపం చూపిస్తే బిల్డరు ముప్ఫై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. రీసేల్‌లో కొన్నవాళ్లు కూడా ఆ చట్టం చెప్పే అలాటీల (ఇల్లు కేటాయింపు పొందినవాళ్ల) కిందికే వస్తారు. అందుకే అమ్మేవాళ్ల దగ్గర పొజెషన్ లెటర్ అసలు కాపీ తీసుకోండి, ఐదేళ్లు ఎప్పటికి నిండుతాయో దాని మీద తేదీయే చెబుతుంది. ఓనరు గోడలు కదిపిన చోట బిల్డరు చేతులెత్తేస్తాడు.

కింది ఇంటివాళ్లు లీకు గురించి ఇప్పటికే అసోసియేషన్‌కి రాసి ఉంటే, ఆ మరమ్మతు ఎవరి ఖర్చుతో, ఏ తేదీలోపు అన్నది సేల్ అగ్రిమెంట్లో ఒక వాక్యంగా రాయించండి. ఓనరే చేయిస్తానంటే 48 గంటలు నీళ్లు నిలబెట్టే పరీక్ష మీ కళ్లముందు జరగాలని కూడా రాయించండి.

మీరే చేయించుకుంటుంటే వరుస తప్పొద్దు. ముందు నీళ్ల లీకులు, తర్వాత కరెంటు కోసం గోడలు చెక్కడం, ఆపైన టైల్స్, ప్లాస్టర్. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తడి ప్లాస్టర్ మీద పెయింటు వేయించకండి, ఆరడానికి కనీసం మూడు నాలుగు వారాలు పడుతుంది. పాలు పొంగించడానికి వంటిల్లు ఒక్కటి సిద్ధమైతే చాలు. ఆ గోడలు ప్రైమర్‌తోనే ఉన్నా వచ్చినవాళ్లెవరూ అడగరు.